కాలరు దాటిన జుట్టు

జులపాల మేస్త్రికి ఆ పేరు పెట్టింది సొంత అత్తగారే. అల్లుడి మీద ముద్దుతో కాదు. ఒకనాటి పొద్దున్న ఆవిడ కూతురింటికి వచ్చేసరికి మేడమెట్ల దగ్గర ఎవరో వెనక్కి తిరిగి నిలబడి తల ఆరబెట్టుకుంటున్నారు. "ఏమ్మా, ఈ వాటాలోకి కొత్తగా దిగారా?" అని ఆవిడ ఆప్యాయంగా పలకరించింది. ఇటు తిరిగిన మొహానికి ఇంత లావు మీసం ఉంది. ఆవిడ చేతిలో సంచీ జారి కిందపడింది. ఆ పూట నుంచి "మా జులపాల మేస్త్రి" అని పదిళ్ళలో ఎకసెక్కమాడింది. అల్లుడు ఉడుక్కోలేదు సరికదా, ఫోను మోగితే తనే "జులపాల మేస్త్రిని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టాడు. ఆవిడ పెట్టిన పేరుకి అంతకన్నా చెంపపెట్టు ఇంకేం ఉంటుంది?

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాడు. అచ్చు యంత్రాలు బిగించే ఫిట్టరు. పెట్టెలు పెట్టెలుగా లారీలో దిగిన యంత్రాన్ని నేలమీద నిలబెట్టి, మట్టం చూసి, సిలిండర్లూ రోలర్లూ ఒకదానికొకటి కుదిర్చి, నాలుగు రంగులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిమీద ఒకటి పడేట్టు చేసి, మొదటి మంచి కాగితం యజమాని చేతిలో పెట్టి వచ్చేస్తాడు. ఏ బేరింగు ఏడుస్తోందో గది అవతల నుంచి విని చెప్పగలడు.

ఆ పనిలో పొడుగు జుట్టు ఎంత ప్రమాదమో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే యంత్రం దగ్గరికి వెళ్ళేముందు మూడు పాయల జడ బిగించి అల్లి, నడినెత్తిన చుట్టచుట్టి, నాడాతో కట్టి, పైన మందపాటి గుడ్డ టోపీ పెట్టేవాడు. పిన్నులు మాత్రం వాడడు. పిన్ను జారి రోలర్ల మధ్య పడితే యంత్రం కొంప మునుగుతుంది. జుట్టు పెంచిన ఇన్నేళ్ళలో అతని తల నుంచి ఒక్క వెంట్రుక కూడా యంత్రంలో పడలేదు.

ఇంతకీ ఆ జుట్టు ఎందుకు పెంచినట్టు? ఈ ప్రశ్న అతన్ని జోరీగలా వెంటాడింది. మొక్కేమో అన్నారు కొందరు. ఎవరో పోయిన దుఃఖమన్నారు ఇంకొందరు. పక్కవాటా ఆయన, కుర్రతనంలో నాటకాల పిచ్చి ఉండేదేమోనని పరిశోధించాడు. మంగలితో తగాదా అని కూడా ఒక వాదం నడిచింది. పాపం ఆ మంగలికి ఏ పాపమూ తెలియదు.

జరిగింది చాలా చిన్న సంగతి. చిన్నప్పుడు నెలకో ఆదివారం తండ్రి అతన్ని క్షౌరశాలకు తీసుకెళ్ళేవాడు. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి కూర్చోబెట్టేవారు. మంగలి ఇతని తల పట్టుకుని, తండ్రి వైపు చూసి "ఎంత ఉంచమంటారు?" అని అడిగేవాడు. "ఏమీ ఉంచకు" అనేవాడు తండ్రి. తండ్రి తర్వాత బళ్ళో డ్రిల్లు మాస్టారు, ఆయన తర్వాత పని నేర్పిన శిక్షకుడు, ఆ తర్వాత మొదటి యజమాని. తల ఇతనిది, కొలత వాళ్ళది. ముప్ఫై ఒకటో ఏట ఒక ఆదివారం, అలవాటుగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డ కప్పేసి, కత్తెర తీసి, మంగలి అలవాటుగా అడిగాడు, "ఎంత ఉంచమంటారు?" అని. వెనక ఎవరూ లేరు. మొదటిసారి ఆ ప్రశ్న తనకే వచ్చింది. "మొత్తం ఉంచు" అని గుడ్డ తీసి లేచి వచ్చేశాడు. అంతే. అంతకుమించి కారణం లేదు, ఉండాలని అతను అనుకోలేదు కూడా.

భార్య మొదటి ఆర్నెల్లూ మూతి ముడుచుకుంది. తర్వాత చిక్కులు తీయడం మొదలుపెట్టింది. కూతురు పుట్టి, దానికీ జడ వేసేంత జుట్టు వచ్చాక ఇంట్లో పొద్దున్నపూట ఒక వరస ఏర్పడింది. భార్య మంచం మీద కూర్చునేది, ఆవిడ ముందు ఒక పీట, ఆ పీట కోసం తండ్రీ కూతుళ్ళ పోటీ. ముందు లేచినవాళ్ళది ముందు వంతు. తండ్రి వంతు నడుస్తుండగా కూతురు చేతిలో రిబ్బను పట్టుకుని "నాన్నా, నీ జడ బారెడుంది, నాకు బడి టైమైపోతోంది" అని గింజుకునేది. రోజు మొత్తంలో మేస్త్రికి ఇష్టమైన పావుగంట అది.

కూతురికి పన్నెండో ఏడు నడుస్తుండగా కంపెనీవాళ్ళు అతన్ని పైదేశం పంపారు. అక్కడొక పెద్ద అచ్చాఫీసు కొత్త నాలుగు రంగుల యంత్రం కొంది. అంతవరకు పైదేశపు పనులన్నీ హెడ్ ఫిట్టరే చూసేవాడు. ఆయన రిటైరు కాబోతున్నాడు. కంపెనీ యజమాని మేస్త్రిని గదిలోకి పిలిచి, "శనివారానికి మంచి కాగితం బయటికొస్తే ఆ కుర్చీ నీది. రాకపోతే నీ తర్వాతివాడిది. ఇక నీ ఇష్టం" అన్నాడు. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, తలవైపు వేలు చూపించి, "అక్కడ దీంతో ఏ పేచీ తేకు" అని కూడా అన్నాడు.

పేచీ విమానం దిగగానే మొదలైంది. పాస్‌పోర్టు ఫోటో తీసిన స్టూడియో ఆయన శుభ్రత పిచ్చివాడు. జుట్టంతా వెనక్కి లాగి చొక్కా లోపలికి దోపి మరీ తీశాడు. ఫోటోలో ఉన్నది పొట్టి క్రాపు మనిషి, కౌంటరు ముందున్నది భుజాల మీద నల్లటి శాలువా కప్పుకున్నట్టున్న మనిషి. అధికారి ఫోటో చూశాడు, మొహం చూశాడు, ఇంకొకర్ని పిలిచాడు. వెనక వరసలో జనం గుడ్లప్పగించి చూస్తున్నారు. మేస్త్రి సంచీ కింద పెట్టి, జుట్టంతా రెండు చేతులతో కూడదీసి, చొక్కా కాలరులోకి కుక్కి, స్టూడియోలో కూర్చున్నట్టే నిటారుగా నిలబడి మీసం సవరించుకున్నాడు. అధికారి ముద్ర కొట్టాడు. మేస్త్రి అక్కడే, వాళ్ళ ఎదురుగానే, జుట్టు మళ్ళీ బయటికి లాగి భుజాల మీద పరుచుకుని మరీ వెళ్ళాడు.

అచ్చాఫీసులో అంత తేలిగ్గా తెమల్లేదు. యంత్రం ఉన్న హాలు తలుపు దగ్గర నేలమీద పసుపుపచ్చ గీత ఒకటి ఉంది. గీత దాటాలంటే భద్రతాధికారి ఒప్పుకోవాలి. ఆయన తల మీద చూద్దామన్నా ఒక్క వెంట్రుక లేదు. మేస్త్రికి సాయంగా పెట్టిన దుబాసి అమ్మాయికి మన భాష బాగా వచ్చు. అధికారి గోడమీది నిబంధన చూపిస్తే ఆ అమ్మాయి చదివి చెప్పింది.

"మగవాళ్ళ జుట్టు కాలరు దాటకూడదంట, మేస్త్రీగారూ. దాటితే కత్తిరించుకోవాలి. లేదంటే ఈ ఫారంలో కారణం రాసి సంతకం పెట్టాలి. అప్పుడు వల టోపీ ఇస్తారు."

"ఆడవాళ్ళకో?"

"ఆడవాళ్ళకి వల టోపీ ఇచ్చేస్తారు. ఫారం లేదు."

సరిగ్గా అప్పుడే ఒక ఆపరేటరమ్మ నీలం వల టోపీలో ఇంత కొప్పు పెట్టుకుని వాళ్ళ పక్కనుంచి గీత దాటి వెళ్ళిపోయింది. మేస్త్రి ఆవిడ వెళ్ళినవైపు చూసి, తిరిగి అధికారిని చూశాడు.

"అమ్మా, ఆయన్నొక మాట అడుగు. లాగేది రోలరు కదా. అది లాగేముందు ఈ జుట్టు మగాడిదా ఆడదానిదా అని చూసి లాగుతుందా?"

దుబాసి అమ్మాయి నవ్వాపుకుంటూ అడిగింది. అధికారి నవ్వలేదు. నిబంధన తాను రాసింది కాదని, కానీ ఫారం మాత్రం నిండాల్సిందేనని చెప్పాడు. మేస్త్రి అక్కడే జడ అల్లి, చుట్టచుట్టి, నాడా కట్టి, టోపీ పెట్టి, తల వంచి "లాగి చూడండి" అన్నాడు. అధికారి లాగి చూశాడు. ఇంచు కూడా కదల్లేదు. ఆయన మెచ్చుకోలుగా తలాడించి, ఫారం మళ్ళీ ముందుకు తోశాడు.

"మొక్కు అని రాసెయ్యండి మేస్త్రీగారూ" అంది అమ్మాయి మెల్లగా. "అందరూ అదే రాస్తారు. ఎవరూ అడగరు."

"నాకు మొక్కు లేదమ్మా."

"తలకి దెబ్బ తగిలిందనైనా రాయొచ్చు."

"తగల్లేదుగా!"

వార్త మధ్యాహ్నానికల్లా ఇక్కడి కంపెనీకి చేరింది. యజమాని ఫోనులో ఒంటికాలి మీద లేచాడు. "మొక్కు అని రాసి పడెయ్యవయ్యా! నీ సొమ్మేం పోయింది?"

"లేని మొక్కు ఎలా రాస్తానండీ?"

"ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూస్తానుగా."

"శనివారం గుర్తుందా నీకు?" అని యజమాని ఠపీమని ఫోను పెట్టేశాడు.

మేస్త్రికి ఆ కుర్చీ అక్కర్లేదనుకుంటే పొరపాటు. చాలా కావాలి. పద్దెనిమిదేళ్ళుగా గ్రీజు చేతులతో, వేరేవాళ్ళ కింద చేశాడు. కానీ ఇంతకాలం ఎవడడిగినా 'ఏమీ లేదు' అని నిజం చెప్పినవాడు, పరాయి దేశంలో ఒక గీత దాటడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకోవాలంటే ఒళ్ళు మండిపోయింది. ఇంటికి ఫోన్ చేసి భార్యకి చెప్పాడు.

"రాయకండి" అంది ఆవిడ. "పద్నాలుగేళ్ళు చిక్కులు తీసింది నేను. ఇప్పుడు దేవుడి పేరు రాస్తే ఘనతంతా ఆయన కొట్టేస్తాడు."

మర్నాడు పొద్దున్న మేస్త్రి ఒక కుర్చీ తెచ్చుకుని పసుపుపచ్చ గీతకి సరిగ్గా జానెడు ఇవతల వేసుకున్నాడు. అక్కడి నుంచే పని మొదలుపెట్టాడు. అక్కడి ఫిట్టర్లు లోపల స్పానర్లు తిప్పుతుంటే ఇతను బయట చెవి రిక్కించి కూర్చున్నాడు. "రెండో యూనిట్టులో కింది రోలరు ఎక్కువ ఒత్తుతోంది, చప్పుడు బరువుగా ఉంది. పావు చుట్టు వదలమనమ్మా." దుబాసి అమ్మాయి అరిచి చెప్పేది. వాళ్ళు వదిలేవారు. "చాలు. ఆపమను." రెండ్రోజుల్లో ఆ అమ్మాయి గొంతు బొంగురుపోయింది. ఫిట్టర్లు మొదట్లో నవ్వుకున్నారు. మూడోరోజుకి తమంతట తామే గీత దగ్గరికి వచ్చి, ఆ నట్టు వదలాలా బిగించాలా అని సైగలతో అడగసాగారు. వచ్చేపోయే ఆపరేటరమ్మ ఇతన్ని చూసి, తన వల టోపీ ఒకసారి ముట్టుకుని, కనుబొమలెగరేసి వెళ్ళేది.

శుక్రవారం పొద్దున్న యంత్రం పరుగెత్తింది. కాగితాలు వచ్చాయి. కానీ ఎడమ అంచున ప్రతి అక్షరానికీ సన్నటి నీడ పడుతోంది. కాగితం యంత్రంలో పరుగెడుతున్నప్పుడు దాని అంచు పట్టుకుని లాక్కెళ్ళే ఉక్కు వేళ్ళుంటాయి, వాటిని గ్రిప్పర్లంటారు. అందులో ఏదో ఒకటి పట్టు సడలిస్తోందని మేస్త్రి గీత ఇవతల నుంచే చెప్పాడు. ఫిట్టర్లు ఒక్కో గ్రిప్పరు కింద కాగితం ముక్క పెట్టి లాగి చూశారు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. మళ్ళీ నడిపారు. మళ్ళీ నీడ. మధ్యాహ్నం రెండయ్యేసరికి అచ్చాఫీసు మేనేజరు జుట్టు పీక్కుంటున్నాడు. చివరికి ఆయనే గీత దగ్గరికి వచ్చి, భద్రతాధికారితో పది నిమిషాలు వాదించాడు. అధికారి ససేమిరా అన్నాడు. ఫారం తీసి మేస్త్రి ఒళ్ళో పెట్టాడు.

మేస్త్రి ఆ కాగితాన్ని ఈసారి కొంచెంసేపు చూశాడు. దుబాసి అమ్మాయిని అడిగాడు, "కారణం రాయమనేగా ఉంది? ఎలాంటి కారణమో ఉందా?"

ఆ అమ్మాయి ముందూ వెనకా తిప్పి చదివింది. "లేదు. కారణం అనే ఉంది."

"అయితే కలం ఇవ్వు."

గడిలో తెలుగులో, గుండ్రటి అక్షరాలతో 'నా ఇష్టం' అని రాసి సంతకం పెట్టాడు. దుబాసి అమ్మాయి కింద వాళ్ళ భాషలో రాసింది. మెత్తబరచలేదు, మర్యాదలు చేర్చలేదు. అధికారి చదివాడు. నుదురు చిట్లించాడు. నిబంధనల పుస్తకం తెప్పించి పేజీలు తిప్పాడు. గడి ఖాళీగా ఉండకూడదని ఉంది గానీ అందులో ఏం ఉండకూడదో ఎక్కడా లేదు. మూడ్రోజుల క్రితమే ఈ ఆలోచన ఎందుకు రాలేదా అని మేస్త్రి తనని తాను తిట్టుకున్నాడు. అధికారి ఫారం మీద ముద్ర వేశాడు. ఆపరేటరమ్మ తన అలమార నుంచి కొత్త నీలం వల టోపీ తెచ్చి, మేస్త్రి కొప్పు మీద తొడిగి, నలుగురూ చూస్తుండగా భుజం తట్టింది. మేస్త్రి గీత దాటాడు.

యంత్రం ఆపించి, స్విచ్చుకి తాళం వేయించి, గ్రిప్పర్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టోపీ లోపలికి వేలు పోనిచ్చి ఒక వెంట్రుక పీకాడు. ఒక్కో గ్రిప్పరు కింద, ఈ మూల ఒకసారి ఆ మూల ఒకసారి, ఆ వెంట్రుక పెట్టి మెల్లగా లాగాడు. తొమ్మిదోదాని కుడి మూల దగ్గర వెంట్రుక గట్టిగా పట్టుకుంది. ఎడమ మూల దగ్గర సర్రున జారి వచ్చేసింది. గ్రిప్పరు ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. వెడల్పు కాగితం ముక్కకి కుడి మూల పట్టు చాలింది, అందుకే అది తప్పు చూపలేదు. మేస్త్రి దాన్ని సరిచేసి, ఆ వెంట్రుక మర్చిపోకుండా జేబులో వేసుకుని లేచాడు. నాలుగింటికి నీడ లేని కాగితం బయటికొచ్చింది.

మేనేజరు ఆనందం పట్టలేకపోయాడు. దుబాసి అమ్మాయిని పక్కన పెట్టుకుని గబగబా చెప్పాడు. ఇప్పుడు తనకి అర్థమైందట. ఈ జుట్టు పనిముట్టు అట! ఫారంలో 'వృత్తిరీత్యా అవసరం' అని మార్చి రాస్తే మేస్త్రికి శాశ్వత ప్రవేశపత్రం ఇస్తారట. వచ్చే ఏడాది రెండో యంత్రం కొంటున్నారు, దానికీ అతనే రావాలట. మార్చకపోతే మాత్రం ఈ పిచ్చి కారణం పైవాళ్ళ కంటపడుతుందని, ఇంకోసారి లోపలికి రానివ్వరని అధికారి అంటున్నాడట.

దుబాసి అమ్మాయి చెప్పడం ఆపి అతని మొహంలోకి ఆశగా చూసింది. మేస్త్రి ఒక కాగితం అంచు తీసుకుని, గోటితో సన్నగా దారంలా చీల్చి ఆమెకి చూపించాడు.

"ఆయనకి చెప్పమ్మా. ఇలా చీల్చుకుంటే దీంతోనూ తెలుస్తుంది. చేతికి దొరికింది గనక వెంట్రుక వాడాను, దీనికోసం పెంచలేదు. రేపు నా జుట్టు ఎందుకూ పనికిరాకపోయినా ఇది నా తలమీదే ఉంటుంది. రాసింది రాసినట్టే ఉంచమను."

మేనేజరు నచ్చచెప్పాడు. మేస్త్రి నవ్వుతూ చేతులు తుడుచుకున్నాడు.

ఫారం అలాగే ఉంది. హెడ్ ఫిట్టరు కుర్చీ వచ్చింది, ఎందుకంటే మంచి కాగితం శనివారానికి ఒకరోజు ముందే వచ్చింది. రెండో యంత్రానికి మాత్రం పిలుపు రాలేదు. క్రాపు దువ్వుకునే ఇంకో ఫిట్టరు వెళ్ళొచ్చాడు. "చేతికందింది కాలదన్నుకున్నావ్" అని యజమాని ఇప్పటికీ దెప్పుతాడు. వెళ్ళలేకపోయినందుకు మేస్త్రికి బాధ లేదని చెప్పను. ఉంది. రాసినందుకు మాత్రం లేదు.

ఆ ఫిట్టరు తిరిగొచ్చిన వారమే ఇంట్లో అసలు పరీక్ష వచ్చింది. అత్తగారు కూడా ఉంది. పొద్దున్న పీట కోసం పోటీ లేదు. కూతురు మంచం పక్కన నిలబడి, జడ ముందుకు వేసుకుని, చెవి కింద వేలు పెట్టి చూపించింది.

"నాన్నా, నాకు జుట్టు ఇక్కడిదాకా కత్తిరించేయించు."

అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది. "ఎందుకే? పేలు పడ్డాయా? బళ్ళో ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు అమ్మమ్మా."

"మరెందుకే, నిక్షేపంలాంటి జడ?" అంది తల్లి దువ్వెన పట్టుకుని.

ఆ జడ మేస్త్రికీ ప్రాణమే. వాళ్ళిద్దరికన్నా గట్టిగా అడగాలనిపించింది. "ఎందు..." అన్నాడు. కూతురు అతనివైపే చూస్తోంది. అతను మాట మింగేసి, చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు.

పదిహేనేళ్ళుగా ఆ క్షౌరశాల గడప తొక్కలేదు. అదే మంగలి, మీసం నెరిసింది. ఇతన్ని చూసి, ఆఖరికి వచ్చాడనుకుని సంబరంగా కుర్చీ దులిపాడు. అందులో కూతురు ఎక్కి కూర్చుంది. మంగలి గుడ్డ కప్పి, జడ చేత్తో పట్టుకుని, తలెత్తి మేస్త్రి వైపు చూశాడు.

"ఎంత ఉంచమంటారు?"

"నన్నడుగుతావేంటయ్యా? తల దానిది. దాన్నే అడుగు."

మంగలి కాసేపు తికమకపడి, వంగి ఆ పిల్లని అడిగాడు. ఆ పిల్ల అద్దంలో చూసుకుంటూ చెవి కింద వేలు పెట్టి చూపించింది. మేస్త్రి బల్ల మీద కూర్చుని, కత్తెర చప్పుడు ఆగేదాకా తల తిప్పుకోకుండా చూశాడు. కళ్ళు తడిసినా తుడుచుకోలేదు.

మర్నాడు పొద్దున్న పీట ఖాళీగా ఉంది. పిల్ల అప్పటికే రెండు దువ్వులు దువ్వుకుని బడికి వెళ్ళిపోయింది. మేస్త్రి అలవాటుగా గోడ వార నిలబడ్డాడు. భార్య దువ్వెన చేతిలోకి తీసుకుంది.

"ఎవరికోసం ఆగారు? రండి, మీ వంతే" అంది.